47 మిలియన్ల వెస్ట్‌బ్రూక్‌ని పంపేసిన ట్రేడ్: నిజంగా బాగుపడింది ఎవరు?

బెజవాడ_బౌన్స్

మా బావకీ నాకూ పందెం పడింది. సంగతి పాతదే. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో, 2023 ఫిబ్రవరిలో లేకర్స్ రసెల్ వెస్ట్‌బ్రూక్‌ని వదిలించుకున్న మూడు టీముల ట్రేడ్. అందులో బాగుపడింది లేకర్స్ అని నేను, యూటా జాజ్ అని బావ. ఓడినవాడు బిర్యానీ పెట్టాలి, అదీ ఫ్యామిలీ ప్యాక్.

మర్చిపోయినవాళ్ల కోసం: లేకర్స్‌కి డీయాంజెలో రసెల్, మలిక్ బీస్లీ, జారెడ్ వాండర్‌బిల్ట్ వచ్చారు. యూటాకి వెస్ట్‌బ్రూక్, హువాన్ టోస్కానో-ఆండర్సన్, డేమియన్ జోన్స్, వాళ్లతోపాటు లేకర్స్ 2027 ఫస్ట్ రౌండ్ పిక్ (కొత్త ఆటగాళ్లను ఎంచుకునే మొదటి విడతలో లేకర్స్ వంతు, అడుగున ఉన్న టీములకి ముందు వంతులొస్తాయి; అది మొదటి నాలుగులో పడితే లేకర్స్ దగ్గరే ఉంటుంది). మిన్నెసోటాకి మైక్ కాన్లీ, నికీల్ అలెగ్జాండర్-వాకర్, కొన్ని సెకండ్ రౌండ్ పిక్స్.

తీర్పు చెప్పండి. బావ కూడా ఇక్కడే ఉన్నాడు, అయినా కాస్త నా వైపే మొగ్గండి.

ఎనిమిదింటి_అలారం

దీనికి తీర్పు కూడానా? ఆ వారం మొదట్లో లేకర్స్ 25 గెలిచి 30 ఓడారు, వెస్ట్‌లో (లీగ్‌లో పడమటి సగం) 13వ స్థానం. సీజన్ అయ్యేసరికి 43-39. మెంఫిస్‌ని కొట్టారు, గోల్డెన్ స్టేట్‌ని కొట్టారు, కాన్ఫరెన్స్ ఫైనల్స్ దాకా వెళ్లారు. బిర్యానీ బావగారిదే.

నేను ఆ ఏడాదంతా పొద్దున్నే ఇడ్లీ ప్లేటు ఒక పక్క, ఫోన్ ఒక పక్క పెట్టుకుని చూసినవాణ్ణి. ఫిబ్రవరి దాకా ఇడ్లీ గొంతు దిగేది కాదు.

క్యాప్_కామేశ్వరి

అలారం గారూ, తొందరెందుకు? ఎవరు బాగుపడ్డారో తేలాలంటే ముందు వెస్ట్‌బ్రూక్‌ని పంపడానికి అంత ఆలస్యం ఎందుకైందో చూడాలి.

ఆ ఏడాది అతని జీతం 47 మిలియన్ డాలర్ల పైన. అప్పటి మారకంలో దగ్గర దగ్గర 385 కోట్ల రూపాయలు. ఈ కాంట్రాక్టు రాసిచ్చింది లేకర్స్ కాదు. 2017లో ఓక్లహోమా ఇచ్చిన అయిదేళ్ల, 206 మిలియన్ల పొడిగింపు అది. అదే కాగితం హ్యూస్టన్ వెళ్లింది, అక్కణ్ణుంచి వాషింగ్టన్, అక్కణ్ణుంచి 2021లో లాస్ ఏంజెలెస్. చివరి ఏడాది ఉండాలా వద్దా అన్నది ఆటగాడి ఇష్టం. 47 మిలియన్లు ఎవరు వద్దంటారు? 2022 జూన్‌లో ఉంటానన్నాడు.

"ఊరికే ఎవరికైనా ఇచ్చేయొచ్చుగా" అని చాలామంది అడుగుతారు. కుదరదు. అప్పటి నియమం ప్రకారం, జీతాల ఖర్చు హద్దు దాటి లగ్జరీ ట్యాక్స్ కట్టే టీమ్ ఎంత జీతం పంపితే, తిరిగి తెచ్చుకునేది దానికి 125 శాతం, ఆ పైన ఒక లక్ష డాలర్లు దాటకూడదు. అవతలివాళ్ల పద్దూ కుదరాలి. కాబట్టి మధ్యరకం జీతాలవాళ్లను ఇద్దరు ముగ్గుర్ని మూటగట్టి ఇచ్చే టీమ్ కావాలి. చివరికి జరిగింది చూడండి: డీయాంజెలో 31 మిలియన్లు, బీస్లీ 15 పైచిలుకు, వాండర్‌బిల్ట్ 4 పైచిలుకు, వెరసి 51. అటు వెళ్లిన ముగ్గురివీ కలిపి 51. సంతలో కాటా పెట్టి తూచినట్టే ఉంది.

లేకర్స్_లచ్చన్న

అక్కా, లెక్క మంచిగ చెప్పినవ్. కానీ మా హైదరాబాదోళ్లకు ఈ కథ లెక్కల్లేకుండనే సమజైతది. 2021ల వార్నర్‌కు ఏం జేసిండ్రు? 2016ల సన్‌రైజర్స్‌కు కప్పు తెచ్చిపెట్టినోడు. సీజన్ నడుమల కెప్టెన్సీ గుంజుకున్నరు, అటెన్క టీమ్లకెళ్లే తీసేసిండ్రు. డగౌట్ల కూసున్నది చూసి మా తమ్ముడు టీవీ బంద్ జేసిండు. అదే ఏడాది నవంబర్ల టీ20 వరల్డ్ కప్ల ప్లేయర్ ఆఫ్ ద టోర్నమెంట్ ఎవరు? గా వార్నరే.

ఒక్క తేడా. ఐపీఎల్ల సీజన్ అయినంక విడిచిపెడితే వేలంలకు పోతడు, ఇగ నీకు సంబంధం లేదు. ఎన్‌బీఏల సంతకమైనంక ఆడినా ఆడకున్నా పైసలు ఇయ్యాల్సిందే.

బెంచ్_బాబు

లచ్చన్నా, నువ్వు చెప్పిన దానికి జాన్ వాల్‌ని మించిన ఉదాహరణ లేదు. 2020 డిసెంబర్‌లో హ్యూస్టన్ వెస్ట్‌బ్రూక్‌ని ఇచ్చి వాషింగ్టన్ నుంచి తెచ్చుకున్నది వాల్‌నే, ఒక ఫస్ట్ రౌండ్ పిక్ కొసరుతో. ఇద్దరి కాంట్రాక్టులూ కవలపిల్లల్లా ఉండేవి. 2021-22లో హ్యూస్టన్ వాల్‌ని ఒక్క మ్యాచ్ కూడా ఆడించలేదు. అతనికి ముట్టింది 44 మిలియన్లు.

మాకిక్కడ హైటెక్ సిటీలో ఆరు వారాలు బెంచ్ మీద ఉంటే హెచ్‌ఆర్ నుంచి "చిన్న కాల్ ఉంది" అని మెసేజ్ వస్తుంది.

విశాఖ_మాస్టారు

డబ్బు సంగతి పక్కన పెట్టండి బాబూ. నేను స్కూలు పిల్లలకు ఈ ఆట నేర్పి బతికినవాణ్ణి, కోర్టు మీద ఏం జరిగిందో చెప్తాను.

లేకర్స్ స్టార్ లెబ్రాన్ ఎడమ పక్కన బంతి పట్టుకున్నాడు అనుకోండి. వెస్ట్‌బ్రూక్ కుడి మూలన త్రీ గీత బయట (అక్కణ్ణుంచి పడితే మూడు పాయింట్లు) నిలబడ్డాడు. అతణ్ణి కాయాల్సినవాడు అతని దగ్గర ఉండడు. ఒక కాలు బుట్ట ముందుండే పెయింట్‌లో వేసి, మొహం లెబ్రాన్ వైపు తిప్పి, చేతులు కిందికి వదిలేసి ఉంటాడు. "కావాలంటే వేసుకో నాయనా" అన్నట్టు. ఎందుకంటే 2021-22లో వెస్ట్‌బ్రూక్ త్రీలు 29.8 శాతం. ఇక లెబ్రాన్ లోపలికి దూసుకొస్తే ఎదురుగా ఇద్దరు. ఇంకో స్టార్ ఆంథనీ డేవిస్ లోపల బంతి అందుకున్నా అదే మనిషి వచ్చి చెయ్యి పెడతాడు. మా సిమెంటు కోర్టు మీద సుద్దముక్కతో గీసి పిల్లలకు చెప్పేది ఇదే: షాట్ పడనివాణ్ణి మూలన నిలబెడితే వాళ్లు అయిదుగురు, మనం నలుగురం.

సరే, బంతి వెస్ట్‌బ్రూక్‌కే ఇద్దామా? అప్పుడు లెబ్రాన్ వెళ్లి మూలన నిలబడాలి. ఇద్దరూ బంతి చేతిలో ఉంటేనే ఆడగలిగేవాళ్లు. కోర్టు మీద ఉండేదేమో ఒక్క బంతి.

ఎనిమిదింటి_అలారం

మాస్టారూ, మీరు చెప్తుంటే పోర్ట్‌లాండ్ మ్యాచ్ గుర్తొచ్చింది. 2022 అక్టోబర్ 23. మనకి తెల్లారితే దీపావళి. ఇంట్లో అందరూ పడుకున్నారు, నేను దుప్పట్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చూస్తున్నా. అరనిమిషం ఉంది, మనవాళ్లు ఒక్క పాయింటు ముందున్నారు. షాట్ క్లాక్‌లో (షాట్ వెయ్యడానికి ఇచ్చే గడువు) ఇంకా 18 సెకన్లు. ఎవరైనా ఏం చేస్తారు? బంతి పట్టుకుని టైమ్ కరిగిస్తారు. ఈ మహానుభావుడు టక్కున ఆగి మిడ్‌రేంజ్ నుంచి లేపాడు. పడలేదు. లెబ్రాన్ రెండు చేతులూ పైకెత్తేశాడు. చివరికి 106-104తో ఓడాం.

పొద్దున అమ్మ తలకి నూనె పెడుతూ "ఏంట్రా పండగపూట ఆ మొహం" అంది. ఏమని చెప్పను?

ఓక్లహోమా_పాతకాపు

ఇప్పటిదాకా ఓపిక పట్టాను. ఇక కుదరదు.

ఆ షాట్ తెలివితక్కువ పని కాదు. అరనిమిషం ఉన్నప్పుడు ముందే వేసేస్తే అవతలివాళ్లు ఆడాక కూడా చివరి ఛాన్సు మళ్లీ మనకే వస్తుంది. దాన్ని టూ ఫర్ వన్ అంటారు, ప్రతి టీమూ చేస్తుంది. ముందంజలో ఉన్నప్పుడు చెయ్యాలా అంటే వాదించొచ్చు. కానీ పిచ్చిపని అనకండి.

రెండోది. 2021-22లో లేకర్స్ 33-49 అయిందని అందరూ అతని మీద పడ్డారు. అతను 78 మ్యాచ్‌లు ఆడాడు. లెబ్రాన్ 56, డేవిస్ 40. ముగ్గురూ కలిసి కోర్టు మీద ఉన్నవి 21 మ్యాచ్‌లే, అందులో 11 గెలిచారు. రోజూ బడికొచ్చే పిల్లాడికే దెబ్బలన్నీ.

మూడోది. 2017లో ఎంవీపీ (సీజన్ ఉత్తమ ఆటగాడు) అయినప్పుడు సగటున 31.6 పాయింట్లు, 10.7 రీబౌండ్లు (పడని షాట్ల బంతి అందుకోవడం), 10.4 అసిస్టులు (బుట్టలో పడే షాట్‌కి అందించిన పాస్‌లు). ఇంకో స్టార్ డ్యురాంట్ వెళ్లిపోయిన టీమ్‌ని భుజాన మోశాడు. ఆ మనిషి ఇంటిపేరుని "వెస్ట్‌బ్రిక్" చేసి వెక్కిరించారు (బ్రిక్ అంటే ఇటుక, గురి తప్పిన షాట్‌ని అలా అంటారు). 2022 మార్చిలో ప్రెస్ ముందు చెప్పాడు, వాళ్ల పిల్లాడు తన ఇంటిపేరంటే ఎంత గర్వమో కనబడ్డచోటల్లా రాసుకుంటాడని టీచర్ చెప్పిందట. అది విన్నాక ఇక ఆ మాట పడనన్నాడు.

ఎనిమిదింటి_అలారం

ఆ పేరు నేనూ వాడాను పాతకాపు గారూ. ఒప్పుకుంటున్నా. ఆ వీడియో చూశాక మానేశాను. ఆ షాట్ మాత్రం తప్పే.

అర్వైన్_సుబ్బు

నేను ఆ సీజన్లో రెండు మ్యాచ్‌లకి వెళ్లాను, పై అంతస్తులో, కిందివాళ్లు చీమల్లా కనిపించే సీట్లలో. మూలన అతనికి బంతి అందగానే నా చుట్టూ ఉన్నవాళ్లంతా ఒక్కసారి "నో" అన్నారు. షాట్ ఇంకా వెయ్యనేలేదు! సొంతూరు అది. లాంగ్ బీచ్‌లో పుట్టి, హాథార్న్‌లో పెరిగి, యూసీఎల్‌ఏలో చదివినవాడు. నా ముందు కూర్చున్న ఒక పెద్దాయన ఎనిమిదేళ్ల మనవణ్ణి తీసుకొచ్చాడు, ఆ పిల్లాడు వేసుకున్నది జీరో నంబర్ జెర్సీ. తాత కూడా "నో" అన్నాడు. పిల్లాడు వెనక్కి తిరిగి తాత మొహం చూశాడు.

యూటా జీతం సెటిల్ చేసి వదిలేశాక అతను చేరింది క్లిప్పర్స్‌లో, అంటే అప్పట్లో అదే బిల్డింగ్‌లో ఆడే లాస్ ఏంజెలెస్ రెండో టీమ్‌లో. ఆ ఏప్రిల్‌లో ఫీనిక్స్ మీద మొదటి ప్లేఆఫ్ మ్యాచ్ చూసినవాళ్లకి తెలుసు. 19 షాట్లలో పడ్డవి మూడు. 11 రీబౌండ్లు, 8 అసిస్టులు. చివరి సెకన్లలో డెవిన్ బుకర్ షాట్‌ని అడ్డుకుని, గీత బయటికి పోతున్న బంతిని అతని మీదికే విసిరి మనదే అనిపించాడు. క్లిప్పర్స్ గెలిచారు. సిరీస్ 4-1తో పోయింది, అది వేరే సంగతి. వెస్ట్‌బ్రూక్ అంటే అదీ. ఆ 19లో 3 కూడా అతనే, ఆ బ్లాక్ కూడా అతనే. విడదీసి కొనుక్కోవడం కుదరదు.

యూటా_బావ

నేనే ఆ బావని. మా బామ్మర్ది అసలు విషయం దాటేస్తున్నాడు. యూటాకి వెస్ట్‌బ్రూక్ అక్కర్లేదు, అతను జాజ్ జెర్సీలో ఒక్క నిమిషం ఆడలేదు. వాళ్లకి కావాల్సింది ఆ పిక్. ముగ్గురు ఆటగాళ్లని ఎటూ పంపేద్దామనుకుంటున్నారు. పంపేసి, చేతికి లేకర్స్ 2027 పిక్ తీసుకున్నారు. అప్పటికి లెబ్రాన్‌కి 42 నిండుతాయి, లేకర్స్ అడుగున ఉంటారని అందరి లెక్క. ఇంతకన్నా లాభం ఏముంది?

క్యాప్_కామేశ్వరి

బావగారూ, 2025 ఫిబ్రవరిలో లూకా డాంచిచ్ లేకర్స్‌కి వచ్చాక కూడా అదే లెక్కా?

యూటా_బావ

అది 2023లో దేవుడికి కూడా తెలియదండీ.

క్యాప్_కామేశ్వరి

నిజమే, అది మీ తప్పు కాదు.

పిక్ మాట వచ్చింది కాబట్టి ఆలస్యం సంగతి పూర్తి చేస్తాను. 2022 వేసవి నుంచీ వార్తల్లో నలిగిన బేరం ఇండియానాది: మైల్స్ టర్నర్, బడ్డీ హీల్డ్ ఇస్తారు, బదులుగా వెస్ట్‌బ్రూక్‌తోపాటు రెండు ఫస్ట్ రౌండ్ పిక్స్ కావాలన్నారు, 2027, 2029. లేకర్స్ చేతిలో ఇవ్వడానికి ఉన్నవే ఆ రెండు. 2019లో ఆంథనీ డేవిస్ కోసం న్యూ ఓర్లియన్స్‌కి దోసిళ్లతో ధారపోశారు కదా. పైగా వరుసగా రెండేళ్లు ఫస్ట్ రౌండ్ పిక్ లేకుండా అమ్ముకోకూడదని నియమం. దాన్ని స్టెపియన్ రూల్ అంటారు, 80ల్లో క్లీవ్‌లాండ్ యజమాని టెడ్ స్టెపియన్ పిక్స్ అన్నీ పంచిపెట్టి టీమ్‌ని ముంచాక పెట్టింది. తమాషా ఏంటంటే ఆ క్లీవ్‌లాండ్ పిక్‌తోనే లేకర్స్ 1982లో మొదటి నంబరుగా జేమ్స్ వర్తీని తెచ్చుకున్నారు.

లేకర్స్ అప్పుడు రెండూ ఇవ్వలేదు, ఆగారు. సీజన్ 2-10తో మొదలైంది, ఊరంతా తిట్టింది. కానీ అది చివరి ఏడాది కాంట్రాక్టు. నెల గడిచినకొద్దీ మోయాల్సిన బరువు తగ్గుతుంది. ఫిబ్రవరికి ఒక్క పిక్‌తో పని అయిపోయింది, దానికి కూడా మొదటి నాలుగు స్థానాల రక్షణ. 2029 పిక్ చేతిలోనే మిగిలింది.

విశాఖ_మాస్టారు

అమ్మా, ఒక చిన్న సవరణ. వర్తీ పిక్ చేతులు మారింది 1980 ఫిబ్రవరిలో. స్టెపియన్ యజమాని అయింది ఆ తర్వాత. ఆ ఒక్క పాపం ఆయన ఖాతాలో వెయ్యకూడదు.

క్యాప్_కామేశ్వరి

తప్పు నాదే మాస్టారూ. మిగతా పాపాలు ఆయనకి చాలు.

చలిదేశం_చందు

మిన్నియాపాలిస్ నుంచి రాస్తున్నా, బయట మైనస్ 14. మీరందరూ లేకర్స్, యూటా అని కొట్టుకుంటున్నారు. మూడో టీమ్, మా మిన్నెసోటా ఊసు ఎవరూ ఎత్తలేదు.

మాకు డీయాంజెలో కుదరలేదు. మా పొడుగాటి సెంటర్ రూడీ గోబేర్‌కి బంతి ఎప్పుడు, ఏ ఎత్తులో ఇవ్వాలో అతనికి అలవడలేదు. కాన్లీ యూటాలో గోబేర్‌తో మూడేళ్లు ఆడినవాడు, కళ్లు మూసుకుని ఇస్తాడు. 35 ఏళ్ల ముసలాయన్ని తెచ్చారని ఇక్కడ మా తెలుగు గ్రూపులో నేనే నవ్వాను. తర్వాత ఏమైంది? 2024లో డిఫెండింగ్ ఛాంపియన్ డెన్వర్‌ని ఏడు మ్యాచ్‌ల్లో పడగొట్టి వెస్ట్ ఫైనల్స్. 2025లో మళ్లీ వెస్ట్ ఫైనల్స్. ఆ 2025లో మొదటి రౌండ్లో 4-1తో ఇంటికి పంపింది ఎవరినో తెలుసుగా? మీ లేకర్స్‌నే.

అలెగ్జాండర్-వాకర్ సంగతి చెప్పనే లేదు. ట్రేడ్ రోజు అతను కొసరు. రెండేళ్లలో మా డిఫెన్స్‌లో అతను లేకపోతే గడవని స్థితి.

ఎనిమిదింటి_అలారం

2023 ప్లే-ఇన్‌లో (ప్లేఆఫ్స్‌కి అర్హత మ్యాచ్) మిమ్మల్ని కొట్టింది కూడా మేమే చందూ.

చలిదేశం_చందు

ఓవర్‌టైమ్‌లో, 108-102. గడియారంలో 0.1 సెకను ఉండగా డేవిస్ ఫౌల్ చేస్తే మూడు ఫ్రీత్రోలూ వేసి స్కోరు సమం చేసింది ఎవరు? కాన్లీ. చెయ్యి వణకలేదు. ఆ రాత్రి ఓడినా నాకు అనుమానం తీరిపోయింది.

బెజవాడ_బౌన్స్

డీయాంజెలోని తీసిపారెయ్యకండి, ఆ రెండు నెలలు బాగానే ఆడాడు.

లేకర్స్_లచ్చన్న

ఆడిండు, డెన్వర్ వచ్చేదాంక. వెస్ట్ ఫైనల్స్ల నాలుగో మ్యాచ్‌కు బెంచ్ మీద కూసోవెట్టిండ్రు. 0-4 పోయింది. బీస్లీ ఆ ఎండకాలమే ఎల్లిపోయిండు. నేను లేకర్స్ మనిషినే, కానీ చందు చెప్పింది నిజం.

విశాఖ_మాస్టారు

ఆ 0-4లో అవతల డెన్వర్‌కి ఆడినవాళ్లలో కెంటావియస్ కాల్డ్‌వెల్-పోప్ ఉన్నాడు, గుర్తుందా? 2020 కోవిడ్ బబుల్‌లో లేకర్స్‌కి టైటిల్ గెలిచిపెట్టినవాడు. అతన్నీ, కైల్ కూజ్మానీ, హారెల్‌నీ, 22వ పిక్‌నీ ఇచ్చే 2021లో వెస్ట్‌బ్రూక్‌ని కొన్నారు. అప్పుడే సాక్రమెంటో నుంచి బడ్డీ హీల్డ్ బేరం దాదాపు కుదిరి ఉంది. మూలన నిలబడి త్రీలు వేసేవాడు, సుద్దముక్కతో గీసిన బొమ్మలో సరిగ్గా సరిపోయేవాడు. అది వదిలేసి పెద్ద పేరు వెంటపడ్డారు. అదే వేసవి అలెక్స్ కరూసోని షికాగోకి పోనిచ్చారు. పోప్‌కి డెన్వర్‌తో 2023 టైటిల్, కరూసోకి ఓక్లహోమాతో 2025 టైటిల్.

కాబట్టి 2023లో ఎంతకి అమ్మారన్నది కాదు బాబూ. పోయిందంతా 2021లో కొన్నప్పుడే పోయింది.

ఓక్లహోమా_పాతకాపు

మాస్టారూ, ఈ ఒక్క మాటకి మీకు పాదాభివందనం. కొన్నవాణ్ణి వదిలి సరుకుని తిట్టారు ఇన్నాళ్లూ.

బెంచ్_బాబు

ఇప్పుడైతే ఇలాంటి ట్రేడ్ సాధ్యమేనా కామేశ్వరి గారూ?

క్యాప్_కామేశ్వరి

ఇంకా కష్టం. లీగ్‌కీ ఆటగాళ్లకీ మధ్య 2023 ఒప్పందంలో, టీమ్ మొత్తం జీతాల మీద రెండో ఏప్రన్ అని ఒక గీత గీశారు. అది దాటిన టీమ్ ఇద్దరి జీతాలు కలిపి ఒకణ్ణి తెచ్చుకోవడానికి వీల్లేదు. అందుకే ఇప్పుడు పంపడం కాదు, ఇంట్లోంచి గెంటడమే. బ్రాడ్లీ బీల్‌కి 2022లో వాషింగ్టన్ 251 మిలియన్లతోపాటు నన్ను అడక్కుండా పంపకూడదన్న హక్కు కూడా రాసిచ్చింది. ఆ హక్కుతో సహా ఫీనిక్స్ కొనుక్కుంది. 2025లో సెటిల్‌మెంట్ చేసి వదిలేసి, మిగిలింది అయిదేళ్లకు పరిచింది. ఏటా 19 మిలియన్ల పైన పద్దులో కూర్చుంటుంది. గేదె పక్కూరికి పోయింది, వీళ్లేమో పలుపుతాడుకి వాయిదాలు కడుతున్నారు.

యూటా_బావ

సరే, చివరికి పందెం ఏమైంది? నేను యూటా అన్నాను, వాడు లేకర్స్ అన్నాడు. మెజారిటీ మిన్నెసోటా అంటోంది.

బెజవాడ_బౌన్స్

ఇద్దరం ఓడినట్టే కదా. బిర్యానీ ఎవరు పెట్టాలి?

క్యాప్_కామేశ్వరి

మూడు టీముల ట్రేడే చేసుకోండి. బౌన్స్ నుంచి బిర్యానీ ఫ్యామిలీ ప్యాక్, బావగారి నుంచి డబుల్ కా మీఠా, కిళ్లీలు, కూల్‌డ్రింక్. బిల్లులు 125 శాతం లోపల కుదరాలి.

చలిదేశం_చందు

మూడో టీమ్ నేనే. నాకు లెగ్ పీస్ రావాలి.

బెజవాడ_బౌన్స్

2027లో తీసుకో. మొదటి నాలుగు ముక్కలకి మాత్రం ప్రొటెక్షన్ ఉంది.